ద్వారపాలకుడు అలిగితే ఇల్లు కూల్చాలా?

మన ఊళ్ళలో కంప్యూటరు మొరాయించినప్పుడు వినిపించే తీర్పు ఒకటే: "ఫార్మాట్ కొట్టాలండీ." జ్వరమా, పంటినొప్పా, కాలు బెణికిందా అన్న విచారణ లేకుండా అన్నిటికీ ఒకే కషాయం పోసే వైద్యుణ్ణి మనం నమ్మం. కంప్యూటరు విషయానికి వచ్చేసరికి మాత్రం అదే వైద్యానికి తలూపి, అడిగినంత చేతిలో పెట్టి, కడిగిన పలకలాంటి యంత్రాన్ని ఇంటికి తెచ్చుకుంటున్నాం. పదేళ్ళ రాతలు, పిల్లల ఫొటోలు, అమ్మమ్మ గొంతులో దాచుకున్న పాటలు ఆ కషాయంలో కొట్టుకుపోతాయి. "బ్యాకప్ లేదా సార్?" అన్న ప్రశ్న ఆ తరువాత వస్తుంది.

ఈ తీర్పును ప్రశ్నించడమే నా ఉద్దేశం. ముఖ్యంగా ఒకే యంత్రంలో విండోసునూ లినక్సునూ పక్కపక్కన కాపురం పెట్టించిన మనబోటివాళ్ళ విషయంలో ఇది ప్రశ్నించి తీరవలసిన తీర్పు. నా వాదన ఇది. రెండు వ్యవస్థలున్న కంప్యూటరు తెరుచుకోనప్పుడు చాలా సందర్భాల్లో చెడినది గుమ్మం దగ్గరి కాపలా మాత్రమే. లోపలి ఇల్లు చెక్కుచెదరకుండా ఉంటుంది. ఆ కాపలాను తిరిగి నిలబెట్టడానికి కావలసిన పనిముట్టు ఒక పెన్‌డ్రైవు. దాన్ని ముందుగానే సిద్ధం చేసుకొని ఇంట్లో ఉంచుకోవడం తెలివి. ఇతరుల యంత్రాల్లో లినక్సును స్థాపించి వచ్చేవారు ఆ పెన్‌డ్రైవును కూడా వారి చేతికి అప్పగించి రావడం ధర్మం.

కంప్యూటరు మేలుకునే తీరును ఒకసారి తలుచుకుందాం. మీట నొక్కగానే యంత్రం ముందు తన కాళ్ళూ చేతులూ తడిమి చూసుకుంటుంది. పాత బయాస్ పద్ధతిలోనైతే ఆపైన హార్డుడిస్కులోని మొట్టమొదటి గడిని చదువుతుంది. ఆ గడి పరిమాణం 512 బైట్లు. అందులో 446 బైట్లు మేలుకొలుపు పాఠానికి, 64 బైట్లు డిస్కులోని విభాగాల పట్టికకు, చివరి 2 బైట్లు ముద్రకు కేటాయించారు. 446 బైట్లంటే ఎంత? యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి కనుక సుమారు 148 సంకేతాలు. కందపద్యం ఒదుగుతుంది, సీసం పట్టదు. అంత ఇరుకు చోట నిలబడి ద్వారపాలకుడు "లోపల ఇద్దరున్నారు, ఎవరిని పిలవమంటారు?" అని అడగాలి.

ఇది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. అందుకే లినక్సు లోకంలో ఎక్కువగా కనిపించే గ్రబ్ అనే ద్వారపాలకుడు తనను మూడు ముక్కలుగా విభజించుకుంటాడు. మొదటి ముక్క ఆ 446 బైట్లలో ఉంటుంది. రెండవది ఆ గడికీ డిస్కులోని మొదటి విభాగానికీ నడుమనున్న ఖాళీ జాగాలో తలదాచుకుంటుంది. అన్నిటికంటే పెద్దదైన మూడవ ముక్క లినక్సు విభాగం లోపల, బూట్ అనే ఫోల్డరులో కూర్చుంటుంది. ఒకటి మరొకదాన్ని లేపుతూ పోవాలి. ఏ ఒక్కటి అందకపోయినా కథ గుమ్మంలోనే ఆగిపోతుంది.

కొత్త యంత్రాల్లోని యూఈఎఫ్ఐ పద్ధతి ఇంతకంటే నాగరికమైనది. డిస్కులో ఫ్యాట్32 రకపు చిన్న విభాగం ఒకటి వేరుగా ఉంటుంది. అందులో విండోసుకొక ఫోల్డరు, ఉబుంటుకొక ఫోల్డరు, ఎవరి ద్వారపాలకుడు వారికి. ఎవరిని ముందు పిలవాలన్న వరుస మాత్రం మదర్‌బోర్డు తన జ్ఞాపకంలో రాసి పెట్టుకుంటుంది. కనుక ఈ యంత్రాల్లో లినక్సు "మాయమైంది" అని మనం గుండెలు బాదుకునే వేళ, అది తన చోట తాను క్షేమంగానే ఉండి, వరుసలో వెనక్కి నెట్టబడి ఉండటం తరచుగా జరుగుతుంది.

ఇక ద్వారపాలకుడు అలగడానికి గల కారణాలు నాలుగు రకాలు. విండోసును మళ్ళీ స్థాపించినప్పుడు, బయాస్ పద్ధతిలోనైతే, అది మొదటి గడిలో తన పాఠాన్ని రాసుకుంటుంది. అక్కడ అంతకుముందు ఎవరున్నారని అడగదు. ఇది మొదటిది. పెద్ద నవీకరణ తరువాతో, బయాస్ అమరికలు తుడిచిపెట్టుకుపోయినప్పుడో పిలుపుల వరుస మారడం రెండవది. విండోసులో కూర్చుని డిస్కు పటాన్ని చూసి, అక్షరం పేరు లేని విభాగాన్ని "ఇదేదో వృథాగా పడి ఉంది" అని ఎవరో చెరిపివేయడం మూడవది. లినక్సు విభాగాలకు విండోసు అక్షరం తగిలించదు గనుక ఆ తెరమీద అవి అనాథల్లా కనిపిస్తాయి.

నాలుగవ రకానికి ఉదాహరణ చరిత్రలో తేదీతో సహా నమోదై ఉంది. 2024 ఆగస్టు 13న మైక్రోసాఫ్టు విడుదల చేసిన నెలవారీ నవీకరణ, గ్రబ్‌లో 2022లో బయటపడిన ఒక లోపాన్ని దృష్టిలో ఉంచుకొని, సెక్యూర్ బూట్ దగ్గర పాత ద్వారపాలకులకు ప్రవేశం నిషేధించింది. రెండు వ్యవస్థలున్న యంత్రాలకు దీన్ని వర్తింపజేయబోమని ఆ సంస్థే చెప్పింది. ఆచరణలో అలాంటి యంత్రాలన్నిటినీ ఆ నవీకరణ గుర్తుపట్టలేకపోయింది. ఎందరికో లినక్సు తెరుచుకోక "భద్రతా విధాన ఉల్లంఘన" అన్న భావం గల ఆంగ్ల వాక్యం తెరమీద నిలిచింది. పూర్తి పరిష్కారం 2025 మే నెల నవీకరణలతో వచ్చింది. ఆ తొమ్మిది నెలల్లో "ఫార్మాట్ కొట్టాలండీ" అన్న మాట విని తమ లినక్సును పోగొట్టుకున్నవారు ఎందరో! నిజానికి సెక్యూర్ బూటును కాసేపు ఆపి, లినక్సులోకి వెళ్ళి, ఒక్క ఆదేశంతో ఆ నిషేధాన్ని తొలగించుకొని బయటపడే దారి ఉండేది.

ఇంత చెప్పడం ఎందుకంటే, ఈ నాలుగింటిలో దేనికీ ఫార్మాట్ మందు కాదు. గుమ్మం దగ్గర పట్టిక చెదిరితే గదుల్లోని సామాను తగలబెట్టమనడం ఏ న్యాయం?

ఇప్పుడు పెన్‌డ్రైవు సంగతి. డిస్కును తాకకుండా, బయటినుంచి ఒక పూర్తి వ్యవస్థను తెచ్చి జ్ఞాపకంలోనే నడిపించవచ్చునన్న ఆలోచనకు విస్తృత ప్రచారం తెచ్చినది జర్మనీకి చెందిన క్లౌస్ క్నాపర్ 2000లో విడుదల చేసిన నాపిక్స్. సీడీ పెట్టి మీట నొక్కితే చాలు, కాసేపటికి లినక్సు తెర ముందు నిలిచేది. తరువాత ఉబుంటు వారు అడిగినవారికల్లా ఉచితంగా సీడీలు తపాలాలో పంపేవారు. ఆ అట్ట కవరుకోసం పోస్టుమాను దారి కాచినవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. 2011లో ఆ పంపిణీ ఆగింది. సీడీ గడులు కూడా ల్యాపుటాపుల్లో క్రమంగా కనుమరుగయ్యాయి. ఆ స్థానంలోకి పెన్‌డ్రైవు వచ్చింది.

దాని విలువంతా అది బయటిది కావడంలోనే ఉంది. కూర్చున్న కొమ్మను నరుక్కోలేం. నడుస్తున్న వ్యవస్థ తన కాళ్ళకింది విభాగాన్ని తానే శుభ్రంగా సరిచేసుకోలేదు. లినక్సులో ఫైళ్ళ అమరికను సరిదిద్దే ఎఫ్ఎస్‌సీకే అనే పనిముట్టును వాడుకలో ఉన్న విభాగం మీద నడపకూడదనడానికి కారణం అదే. పెన్‌డ్రైవు నుంచి లేచిన అతిథి వ్యవస్థకు ఆ చిక్కు లేదు. అది ఇంటి డిస్కును బల్లమీద పడుకోబెట్టిన రోగిలా నిదానంగా పరీక్షించగలదు. ఏ గది ఎక్కడుందో చూడగలదు, సామాను బయటికి చేరవేయగలదు, ఆపైన గుమ్మం బాగుచేయగలదు.

మరమ్మతు విధానంలో నాకు అత్యంత ఇష్టమైన ఘట్టం ఒకటుంది. శంకరాచార్యుల పరకాయ ప్రవేశ కథ మనకు తెలిసినదే. తన దేహాన్ని గుహలో శిష్యుల కాపలాలో ఉంచి, మరణించిన అమరుక మహారాజు శరీరంలో ప్రవేశించి, కావలసిన పని నెరవేర్చుకొని తిరిగి తన దేహంలోకి వచ్చారంటారు. లినక్సులో సీహెచ్‌రూట్ అనే ఆదేశం చేసేది సరిగ్గా అదే. పెన్‌డ్రైవు వ్యవస్థ కదలకుండా నడుస్తూ ఉంటుంది. మనం మాత్రం దానిలోంచి బయలుదేరి, నిశ్చేష్టంగా పడివున్న డిస్కులోని లినక్సులో ప్రవేశిస్తాం. అక్కడినుంచి జారీ చేసే ఆజ్ఞలన్నీ ఆ నిద్రిస్తున్న వ్యవస్థ తనకు తాను జారీ చేసుకున్నట్టే చెల్లుతాయి. పని ముగిశాక ఎగ్జిట్ అని కొట్టి స్వస్థానానికి చేరుకుంటాం.

క్రమం చెబుతాను. ఆదేశాల పేర్లను పలికే తీరులో తెలుగు లిపిలో రాస్తున్నాను. యంత్రం ముందు వాటిని ఆంగ్లాక్షరాల్లోనే కొట్టాలి. పెన్‌డ్రైవుతో లేచి, "స్థాపించు" అన్న మాటను కాకుండా "ప్రయత్నించి చూడు" అన్న మాటను ఎంచుకోవాలి. ఎల్ఎస్‌బీఎల్‌కే ఆదేశంతో డిస్కులో ఏ విభాగం ఏదో, పరిమాణాలను బట్టి గుర్తించాలి. లినక్సు మూల విభాగాన్ని ఎంఎన్‌టీ అనే ఫోల్డరుకు తగిలించాలి. యూఈఎఫ్ఐ యంత్రమైతే ఆ చిన్న ఫ్యాట్32 విభాగాన్ని దాని లోపలి బూట్, ఈఎఫ్ఐ స్థానానికి తగిలించాలి. యంత్ర పరికరాల వివరాలుండే డెవ్, ప్రాక్, సిస్, రన్ అనే నాలుగు ఫోల్డర్లను కూడా లోపలికి ముడివేయాలి. లేకపోతే పరకాయంలోకి వెళ్ళిన జీవుడికి కళ్ళూ చెవులూ ఉండవు. తరువాత సీహెచ్‌రూట్. లోపల గ్రబ్-ఇన్‌స్టాల్ అన్న ఆదేశంతో ద్వారపాలకుణ్ణి తిరిగి నియమించి, అప్‌డేట్-గ్రబ్ అన్న ఆదేశంతో లోపల ఎవరెవరున్నారో అతనికి జాబితా ఇవ్వాలి. అంతే.

ఆ జాబితాలో విండోసు పేరు రాలేదని కంగారు పడేవారుంటారు. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి పక్క వ్యవస్థలను వెతికే ఓఎస్-ప్రోబర్ అనే పరిచారకుణ్ణి భద్రతా కారణాలతో ముందుగా నిద్రపుచ్చి ఉంచుతున్నారు. అమరికల ఫైలులో ఒక వాక్యం మార్చి అతణ్ణి మేల్కొలపవచ్చు. ఈ ఆదేశాలేవీ వద్దనుకునేవారికి బూట్-రిపేర్ అనే ఉపకరణం ఉంది. అది చాలావరకు ఇదే తంతును మీట నొక్కితే జరిపిస్తుంది. అయినా తంతు ఒకసారి అర్థం చేసుకొని చేయడంలో ఉన్న నిబ్బరం వేరు.

ఈ విషయం మీద నాకింత పట్టుదల ఎందుకో చెప్పాలి. దివిసీమకు చెందిన ఒక విశ్రాంత తెలుగు మాస్టారు నాకు పరిచయం. ఆయన దగ్గర పన్నెండేళ్ళ నాటి కంప్యూటరు ఒకటుంది. ఉత్తరాలకూ పింఛను పనులకూ విండోసు, తన సొంత రాతలకు లినక్సు. అరవై దాటాక ఇన్‌స్క్రిప్టు మీటల అమరిక నేర్చుకొని, పదేళ్ళుగా ఆయన ఒక పని చేస్తున్నారు. తమ చుట్టుపక్కల పల్లెల్లోని చేల పేర్లు, కాలువల పేర్లు, దిబ్బల పేర్లు, రేవుల పేర్లు, వాటి వెనుకనున్న కథలు పెద్దలను అడిగి రాసుకుంటున్నారు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనకు ముందు ఉండి, తరువాత లేకుండా పోయిన ఇళ్ళ వరుసల గురుతులు కూడా అందులో ఉన్నాయి. చెప్పినవారిలో చాలామంది ఇప్పుడు లేరు. మళ్ళీ వెళ్ళి అడుగుదామంటే అడగడానికి మనుషులు లేరు.

సెలవులకు వచ్చిన మేనల్లుడు విండోసు నెమ్మదించిందని డిస్కు పటం తెరిచాడు. పేరు లేని పెద్ద విభాగం కంట పడింది. మామయ్యకు జాగా పెంచుదామని చెరిపివేశాడు. దాన్ని డీ డ్రైవుకు కలిపేలోగా కరెంటు పోయింది. కరెంటు పోవడం వల్ల మేలు జరగడం నేను చూసినది అదొక్కసారే. తిరిగి మీట నొక్కితే విండోసూ రాలేదు, లినక్సూ రాలేదు. నల్లని తెరమీద, అలాంటి విభాగం లేదంటూ గ్రబ్ రక్షణ స్థితిలోకి పోయి ఒంటరిగా కన్ను ఆర్పుతూ కూర్చుంది. దగ్గరి పట్నంలోని దుకాణంలో అలవాటైన తీర్పే వచ్చింది. మాస్టారు ఒక రోజు గడువడిగి యంత్రాన్ని వెనక్కి తెచ్చుకున్నారు. ఆ గడువడగడమే ఆయన రాతల్ని కాపాడింది.

విభాగాన్ని చెరపడమంటే డిస్కు పట్టికలో దాని పేరు కొట్టివేయడం. ఆ జాగాలో కొత్తది ఏదీ రాయనంతవరకు లోపలి సరుకు ఎక్కడిదక్కడే ఉంటుంది. పట్టాదారు పుస్తకంలో పేరు కొట్టేసినంత మాత్రాన పొలంలోని పైరు మాయం కాదు గదా! పెన్‌డ్రైవుతో యంత్రాన్ని లేపి, క్రిస్టోఫ్ గ్రెనియే రూపొందించిన టెస్ట్‌డిస్క్ అనే పనిముట్టుతో వెతికితే పోయిన విభాగం సరిహద్దులు దొరికాయి. పట్టికను ముట్టుకోకముందే అందులోని ఫైళ్ళను చూపించమంటే చూపింది. మాస్టారి ఫోల్డరును ముందు బయటి డిస్కుకు నకలు తీశాము. తెరమీద పల్లెల పేర్లు ఒక్కొక్కటే కదిలిపోతూంటే ఆయన వాటిని పైకి చదువుతూ కూర్చున్నారు. నకలు పూర్తయ్యాకే పట్టికను సరిచేసి, పైన చెప్పిన పరకాయ ప్రవేశంతో గ్రబ్‌ను తిరిగి నిలబెట్టాము. సాయంత్రం మొదలుపెట్టిన పని రాత్రి భోజనాల వేళకు ముగిసింది. ఖర్చు శూన్యం.

ఇందులో నా ప్రతిభ ఏమీ లేదు. ఆ పనిముట్లన్నీ ఉచితం. విధానం పదిమంది రాసి పెట్టినదే. ఆ దుకాణదారుకు ఈ సంగతులు తెలియక కాదని కూడా నాకు తోస్తుంది. ఆయన పక్షాన ఒక మాట చెప్పాలి. రోజుకు పది యంత్రాలు వచ్చే బల్ల దగ్గర, ఒక్కొక్కదానికి రెండు గంటలు వెచ్చించి ఫలితం మీద హామీ ఇవ్వలేని పని ఎవరు చేస్తారు? ఫార్మాట్‌కు పట్టే వేళ ఇంతని తెలుసు, రుసుము ఇంతని తెలుసు. యంత్రం నడుస్తుందన్న హామీ ఆయన నిజాయితీగానే ఇస్తున్నాడు. లోపల ఏముందో, దాని విలువ ఎంతో ఆయనకు తెలిసే వీలు లేదు. తెలిసినది మనకు. కనుక ఆ బాధ్యత కూడా మనదే.

"అసలు ఒకే యంత్రంలో రెండు వ్యవస్థలు ఎందుకయ్యా? వేరే డిస్కులో పెట్టుకోవచ్చు, విండోసు లోపలే లినక్సును నడుపుకోవచ్చు గదా" అనేవారున్నారు. వీలున్నవారు అలాగే చేయడం మంచిదే. కానీ మన వాస్తవం ఏమిటి? ఇంటికొక్కటే కంప్యూటరు. పత్రికలకూ ముద్రాపకులకూ పంపే పేజీలకు పేజ్‌మేకరూ అను ఫాంట్లూ కావాలి; అవి విండోసును వదలనివ్వవు. యూనికోడు రాతకూ, వైరసుల బెడద లేని ప్రశాంతతకూ లినక్సు కావాలి. పైగా 2025 అక్టోబరు 14తో విండోసు 10కు మైక్రోసాఫ్టు సాధారణ మద్దతు ముగిసింది. టీపీఎం 2.0 వంటి నియమాల వల్ల పాత యంత్రాలెన్నో విండోసు 11కు అర్హత పొందలేదు. బాగా పనిచేస్తున్న యంత్రాన్ని చెత్తలో వేయడానికి మనసొప్పనివారు దాని పక్కన లినక్సును నిలుపుకుంటున్నారు. అంటే గుమ్మం దగ్గర ఈ పంచాయితీలు ఇంకా కొంతకాలం మన ఇళ్ళలో సాగుతూనే ఉంటాయి.

రెండవ ఆక్షేపణ ఇంతకంటే బరువైనది. సంకేతపదం అడగకుండా ఏ డిస్కునైనా తెరిచి చూపే పెన్‌డ్రైవు, దొంగ చేతిలో పడితే? నిజమే. విండోసుకు మనం పెట్టుకునే సంకేతపదం కేవలం తలుపుకు వేసిన గొళ్ళెం. పెన్‌డ్రైవుతో వచ్చినవాడు కిటికీలోంచి దిగుతాడు. దీనికి విరుగుడు డిస్కునే గూఢలిపిలో ఉంచడం: విండోసులో బిట్‌లాకర్, లినక్సులో లక్స్. కానీ అప్పుడు ఆపద వేళ మన పెన్‌డ్రైవుకు కూడా తాళంచెవి కావాలి. 2024లో వచ్చిన విండోసు 11 24హెచ్2 నుంచి, కొత్తగా స్థాపించుకొని మైక్రోసాఫ్టు ఖాతాతో ప్రవేశించే చాలా యంత్రాల్లో ఈ గూఢలిపి మనం అడగకుండానే అమలవుతోంది. దాని రక్షణ కీలకం 48 అంకెలు. పిలుపుల వరుస మార్చినా, సెక్యూర్ బూటును ఆపినా అది ఆ అంకెలను అడగవచ్చు. కనుక మరమ్మతుకు దిగకముందే దాన్ని కాగితం మీద రాసి, ఇంటి దస్తావేజులుండే పెట్టెలో పెట్టండి. దొంగకు అందని తాళం వారసుడికి కూడా అందకపోతే, ఆ భద్రత మన రాతలకు సమాధి అవుతుంది.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పి తీరాలి. మొదటిది, బాగుచేయడానికి ముందు నకలు. ద్వారపాలకుణ్ణి లేపే తొందరలో సామాను సంగతి మరవకూడదు. రెండవది, డిస్కు పేరు రెండుసార్లు చూసుకోవడం. పెన్‌డ్రైవు తయారుచేసే డీడీ ఆదేశానికి పేరు తప్పు ఇచ్చామా, అది ఇంటి డిస్కునే నిర్దాక్షిణ్యంగా తుడిచి పెన్‌డ్రైవుగా మార్చేస్తుంది. మూడవది, యంత్రం యూఈఎఫ్ఐ పద్ధతిలో ఉంటే పెన్‌డ్రైవును కూడా అదే పద్ధతిలో లేపడం. లేకపోతే తూర్పు గుమ్మానికి తాళం పోతే పడమటి గుమ్మానికి మరమ్మతు చేసినట్టవుతుంది. నాలుగవది, విండోసులోని ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపి ఉంచడం. అది ఉన్నంతకాలం విండోసు పూర్తిగా నిద్రలేవని, పూర్తిగా నిద్రపోని కునికిపాటులో ఉంటుంది. లినక్సు ఆ విభాగంలో రాయడానికి నిరాకరిస్తుంది, నిరాకరించడమే సబబు.

ఒక చిన్న సంగతి. లినక్సులో ఉండి విండోసుకు మారినప్పుడు గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి పోతే, బ్యాటరీ చెడిందని దుకాణానికి పరుగెత్తకండి. మదర్‌బోర్డు గడియారంలో లినక్సు విశ్వకాలాన్ని ఉంచుతుంది, విండోసు దాన్ని మన స్థానిక కాలమని నమ్ముతుంది. ఇద్దరికీ మధ్య తేడా మన దేశపు ఐదున్నర గంటలే. లినక్సులో ఒక ఆదేశంతో ఈ తగవు తీరుతుంది. రోగం పేరు తెలియక భయపడటం, తెలిశాక నవ్వుకోవడం ఈ విద్యలో అడుగడుగునా ఎదురయ్యే అనుభవం.

"ఇవన్నీ ఫోనులో వెతికితే దొరుకుతాయి గదా" అనవచ్చు. దొరుకుతాయి. ఎవరి యంత్రం కోసమో, ఏ ఏటి పద్ధతికో రాసిన ఆదేశాలు దొరుకుతాయి. కంగారులో ఉన్న మనిషి వాటిని ఎత్తి అతికిస్తాడు. బయాస్ యంత్రపు మందు యూఈఎఫ్ఐ యంత్రానికి పడుతుంది. పైగా అవన్నీ ఆంగ్లంలో ఉంటాయి. మా మాస్టారికి భారవిని తాత్పర్యంతో సహా చెప్పడం వచ్చు. ఆ నల్లతెరమీది ఒక్క ఆంగ్ల వాక్యం ముందు ఆయన నిస్సహాయుడయ్యారు. తెలుగులో అక్షరాలు కనిపించడం కోసం మనం పడిన పాట్లు గుర్తున్నవారికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు. తెలుగులో రాయడం నేర్పాము, రాసినదాన్ని పోగొట్టుకోకుండా నిలుపుకోవడం కూడా తెలుగులో నేర్పకపోతే సగం పనే చేసినట్టు.

అందుకని నా విన్నపం. 8 జీబీ పెన్‌డ్రైవు ఒకటి తీసుకోండి. మీ లినక్సు తాజా ప్రతిని దించుకొని, ఎస్‌హెచ్‌ఏ256 మొత్తం సరిపోయిందో లేదో చూసుకొని దానిలోకి ఎక్కించండి. దానితో యంత్రాన్ని ఒక్కసారైనా లేపి చూడండి. పరీక్షించని మందు ఇంట్లో ఉన్నా లేనట్టే. ఏడాదికోసారి ప్రతిని మార్చండి. 2024 ఆగస్టు తరువాత పాత పెన్‌డ్రైవులు కూడా కొన్ని సెక్యూర్ బూట్ గుమ్మం దాటలేకపోయాయి. దానికి ఒక దారం కట్టి, పైన "రక్షణ" అని రాసి, మరో పనికి వాడకుండా ఉంచండి. సినిమాలు ఎక్కించుకుపోయే పిల్లలకు అందకుండా ఉంచండి. పక్కనే ఒక కాగితం పెట్టండి. అందులో మీ యంత్రం ఏ పద్ధతిదో, ఏ విభాగంలో ఏముందో, బూట్ జాబితా కోసం ఏ మీట నొక్కాలో, క్రమం ఏమిటో తెలుగులో, చదివేవారు మీరు కాకపోవచ్చునన్న ఎరుకతో రాయండి.

ఇతరుల ఇళ్ళలో లినక్సును స్థాపించే మిత్రులకు మరొక్క మాట. స్వేచ్ఛ గొప్పదని చెప్పి ఒక పెద్దాయన యంత్రంలో రెండవ కాపురం పెట్టించి వస్తున్నాం. మొదటిసారి గుమ్మం బిగుసుకున్ననాడు ఆయన మనకు ఫోను చేస్తారు. మనం ఏ అమెరికాలోనో, బెంగుళూరులోనో పనిలో ఉంటాం. అప్పుడు ఆయనకు మిగిలే దారి ఆ పట్నం దుకాణం, ఆ కషాయం. మరొకరి మీద ఆధారపడితే తప్ప తెరుచుకోని ఇంటికి స్వేచ్ఛ అన్న పేరు ఎలా పెట్టగలం? పెన్‌డ్రైవూ కాగితమూ వారి చేతిలో పెట్టి, ఒకసారి వారిచేతనే చేయించి, ఆ తరువాతే గుమ్మం దిగుదాం.